ఇంట్లోనే ఫెటూచినీ అల్ఫ్రెడో: సాస్ విరగకుండా, చీజ్ ముద్ద కట్టకుండా చేసే పద్ధతి

అమెరికాలో ఇటాలియన్ భోజనం అనగానే చాలామందికి గుర్తొచ్చే రెస్టారెంట్ చైన్ ఆలివ్ గార్డెన్. జనరల్ మిల్స్ సంస్థ దాన్ని 1982లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో మొదలుపెట్టింది. 1995లో ఆ సంస్థ తన రెస్టారెంట్లను విడదీసి డార్డెన్ అనే వేరే కంపెనీగా చేసినప్పటి నుంచి ఆలివ్ గార్డెన్ దాని చేతిలో ఉంది. అక్కడి మెనూలో ఎన్ని వచ్చి ఎన్ని పోయినా నిలిచిన వంటకం ఫెటూచినీ అల్ఫ్రెడో. వెడల్పాటి పాస్తా పట్టీలు, వాటిని అంటిపెట్టుకున్న చిక్కని తెల్లని సాస్, వెల్లుల్లి వాసన, చివర్లో మిరియాల ఘాటు. ఇష్టపడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇందులో దాచిపెట్టిన దినుసేదీ లేదు. వెన్న, క్రీము, వెల్లుల్లి, పర్మేజాన్ చీజ్‌తో సాస్‌ను తమ వంటగదుల్లోనే ఏ రోజుకారోజు తయారుచేస్తామని ఆ చైన్ బాహాటంగానే చెబుతుంది. అయినా అదే దినుసులతో ఇంట్లో చేస్తే సాస్‌లో చీజ్ ఉండలు తేలడం, గరిటెకు సాగే ముద్ద చుట్టుకోవడం, పళ్లెం అంచున నూనె పేరుకోవడం చాలామందికి అనుభవమే. కొలతలు మార్చి చూస్తారు, మైదా కలిపి చూస్తారు, ఇంకో రకం చీజ్ కొంటారు. నా దృష్టిలో వీటిలో చాలా వాటికి మూలం ఒక్కటే: చీజ్ వేసే నిమిషానికి సాస్ ఎంత వేడిగా ఉందన్నది. ఆ ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా సులువు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

రోమ్‌లో పుట్టినది, చైన్‌లో స్థిరపడినది

ఈ వంటకానికి పేరు పెట్టింది రోమ్ నగరపు రెస్టారెంట్ యజమాని అల్ఫ్రెడో ది లెలియో పేరు మీద. ఆయన చేసిన దానిలో క్రీము లేదు, వెల్లుల్లి లేదు. వేడివేడి ఫెటూచినీ, బోలెడంత వెన్న, సన్నగా తురిమిన పర్మేజాన్, అంతే. అతిథి ముందే పళ్లెంలో తిప్పి తిప్పి కలిపేవారు. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ కొత్త దంపతులుగా రోమ్ వెళ్లినప్పుడు దాన్ని తిని మురిసిపోయారు. తరువాత ఆయనకు బంగారు ఫోర్కు, చెంచా కానుకగా ఇచ్చారు. అమెరికాలో ఆ పేరు మారుమోగడానికి అదొక పెద్ద కారణం.

క్రీము ఎందుకు చేరిందో తెలిస్తే వంట తేలికవుతుంది. వెన్న, చీజ్, పాస్తా నీళ్లతో మాత్రమే కుదిరిన సాస్ నిలవదు. కలిపిన వెంటనే తినేయాలి, రెండు మూడు నిమిషాలు ఆగితే బిగుసుకుంటుంది. వందలమందికి వడ్డించే వంటగదిలో సాస్ ముందే తయారై, వేడిగా నిలిచి ఉండాలి. క్రీములోని కొవ్వు అతి సన్నని బిందువులుగా ముందే చెదిరి ఉంటుంది. పాలలోని ప్రొటీన్లు ఆ బిందువులను ఒకదానితో ఒకటి కలవనివ్వవు. ఆ ఆసరా ఉన్న సాస్ వేడిని ఎక్కువ సేపు తట్టుకుంటుంది. రెండింటిలో ఏది అసలైనదన్న వాదనలోకి నేను వెళ్లను. రెండూ మంచివే, రెండూ వేర్వేరు వంటకాలు. ఇక్కడ చెప్పేది క్రీముతో చేసే రెస్టారెంట్ పద్ధతి. అయితే రోమ్ పద్ధతి నుంచి పాస్తా ఉడికిన నీళ్లను మాత్రం అరువు తెచ్చుకుంటాం.

కావలసినవి

ఇద్దరికి నిండుగా, ముగ్గురికి మితంగా సరిపోయే కొలతలివి. ఎండు ఫెటూచినీ 200 గ్రాములు, ఉప్పు లేని వెన్న 50 గ్రాములు, చిక్కని క్రీము 240 మిల్లీలీటర్లు, పర్మేజాన్ 90 గ్రాములు, మధ్యరకం వెల్లుల్లి రెబ్బలు మూడు, అప్పటికప్పుడు దంచిన మిరియాలు పావు టీస్పూను. పాస్తా నీళ్లకు ఉప్పు విడిగా. పార్స్‌లీ ఆకు ఉంటే పైన చల్లడానికి కొద్దిగా.

ఇది తేలికపాటి భోజనం కాదని ముందే చెప్పాలి. ఈ మొత్తాన్ని ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి సుమారు 1,100 కెలోరీలు వస్తాయి. ముగ్గురైతే 750 దగ్గర ఆగుతుంది. వెన్న, క్రీము సగానికి తగ్గించి నీరసమైన సాస్ చేసుకోవడం కంటే, సరిగ్గా చేసుకుని చిన్న వాటా తినడం మేలు. పక్కన పెద్ద గిన్నెడు పచ్చి కూరల సలాడ్ పెట్టుకుంటే లోటు తెలియదు.

క్రీము విషయంలో చూడాల్సింది కొవ్వు శాతం. 35 శాతం పైన ఉంటే మంచిది. 25 శాతం రకమే దొరికితే చేయకూడదని కాదు, సాస్ చిక్కబడటానికి మూడు నాలుగు నిమిషాలు అదనంగా పడుతుంది. చక్కెర కలిపిన, కేకులపై గిలక్కొట్టే రకం పొరపాటున కూడా వద్దు. వెన్న ఉప్పు లేనిదే ఎందుకంటే, చీజ్‌లో ఉప్పు ఎలాగూ దండిగా ఉంటుంది. రెండు చోట్ల నుంచీ వస్తే మన అదుపులో ఏమీ మిగలదు.

చీజ్ దగ్గర రాజీ వద్దు

డబ్బు ఎక్కడైనా కాస్త ఎక్కువ పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. అసలు పర్మేజాన్‌కు ఇటలీలో ఉన్న పేరు పార్మిజానో రెజ్జానో. ఆ పేరు చట్టరీత్యా పార్మా, రెజ్జో ఎమిలియా, మోదెనా పరిసర ప్రాంతాల్లో తయారైన చీజ్‌కే చెల్లుతుంది. కనీసం 12 నెలలు మాగాలి. సుమారు 40 కిలోల చక్రాలుగా తయారవుతుంది. ముక్క కొంటే దాని గట్టి పైపొర మీద చుక్కలు గుచ్చినట్టుగా అక్షరాలు కనిపిస్తాయి. అంత ఖరీదైనదే కావాలని లేదు. పర్మేజాన్ పేరుతో అమ్మే మంచి గట్టి ముక్క ఏదైనా పనికొస్తుంది. అది ముక్కగా ఉండాలి, అదే ముఖ్యం.

తురిమి డబ్బాలో అమ్మే చీజ్ ఈ సాస్‌కు పనికిరాదు. తురుము ఒకదానికొకటి అంటుకోకుండా దానికి సెల్యులోజ్ పొడి గానీ, బంగాళాదుంప పిండి గానీ పట్టిస్తారు. ఆ పూత చీజ్‌ను కరగనివ్వకుండా అడ్డుపడుతుంది. ఎంత కలిపినా సాస్ నాలుకకు ఇసుకలా తగులుతుంది. ఇంట్లో తురమడానికి పట్టేది ఐదు నిమిషాలే.

తురుముపీట మీద అతి సన్నని రంధ్రాల వైపు వాడండి. తురుము ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ వేడికి, అంత త్వరగా కరుగుతుంది. కప్పుతో కొలిచే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. సన్నగా తురిమిన చీజ్ పొంగినట్టు ఉండి కప్పు నిండా 30, 40 గ్రాములే పడుతుంది. ముతకగా తురిమితే అదే కప్పులో 80 గ్రాముల దాకా పడుతుంది. అంటే ఒకే కప్పు, రెట్టింపు ఉప్పు. కాబట్టి త్రాసు వాడండి, లేదా ముక్కను తురమకముందే తూచుకోండి. తురిమాక ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లని చీజ్ వేడి సాస్‌లో పడగానే ఉండలు కడుతుంది. అరగంట ముందే బయట ఉంచితే చాలు.

శాకాహారులకు ఒక మాట. అసలు పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది నిబంధన కూడా. ఆ పట్టింపు ఉన్నవారు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్‌ను చూసి కొనుక్కోవాలి. పొట్లం మీద ఆ సంగతి రాసి ఉంటుంది. సాస్ అంతే బాగా వస్తుంది.

పాస్తా ఉడికించడం

పొయ్యి మీద ముందుగా పెట్టాల్సింది నీళ్లు. మామూలుగా 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లంటారు. ఈ వంటకానికి 200 గ్రాములకు లీటరున్నరే పెట్టండి. నీళ్లు తక్కువైతే పాస్తా నుంచి దిగే పిండి పదార్థం వాటిలో చిక్కగా ఉంటుంది. ఆ గంజి నీళ్లే తరువాత మన సాస్‌ను పట్టి ఉంచుతాయి. వెడల్పాటి గిన్నె అయితే పట్టీలు తొందరగా మునుగుతాయి.

నీళ్లు తెర్లాక రెండు టీస్పూన్ల ఉప్పు. ఈ ఉప్పు మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. 2014 సెప్టెంబరులో స్టార్‌బోర్డ్ వాల్యూ అనే పెట్టుబడి సంస్థ డార్డెన్ యాజమాన్యాన్ని తప్పుపడుతూ దాదాపు 300 పేజీల నివేదిక విడుదల చేసింది. ఆలివ్ గార్డెన్ వంటగదుల్లో పాస్తా నీళ్లకు ఉప్పు వేయడం మానేశారనీ, గిన్నెల వారంటీ పెరుగుతుందన్న లెక్కతోనే అలా చేశారనీ అందులో రాసింది. ఆ తరువాతి నెలలోనే వాటాదారులు డార్డెన్ డైరెక్టర్ల బోర్డును మొత్తంగా మార్చేశారు. ఇంత రాద్ధాంతం ఉప్పుకేనా అనిపించవచ్చు. కానీ చప్పని నీళ్లలో ఉడికిన పాస్తాను పైన ఎంత ఉప్పగా ఉన్న సాస్‌తో కలిపినా లోపల చప్పగానే ఉంటుంది. కొరికినప్పుడు ఆ తేడా తెలిసిపోతుంది.

పాస్తా వేశాక మొదటి నిమిషం గరిటె వదలకండి. అతుక్కునేవి ఆ నిమిషంలోనే అతుక్కుంటాయి. నీళ్లలో నూనె వేయకండి. అది పట్టీల మీద జిడ్డుగా పేరుకుని సాస్‌ను అంటనివ్వదు.

పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే ఒక పట్టీ తీసి కొరికి, కొరికిన చోట చూడండి. మధ్యలో వెంట్రుకవాసి తెల్లని గీత కనిపించాలి. అదే సరైన దశ, మిగిలిన ఉడుకు సాస్‌లో పడుతుంది. గీత పూర్తిగా మాయమైందంటే ఆలస్యమైంది, సాస్‌లో కలిపేసరికి మెత్తబడిపోతుంది. పాస్తాను వంచేముందు పెద్ద కప్పుతో గంజి నీళ్లు తీసి పక్కన పెట్టండి. వంచేశాక గుర్తొచ్చి లాభం లేదు. నేనైతే వంచనే వంచను, పట్టకారుతో పాస్తాను గిన్నెలోంచి నేరుగా పాన్‌లోకి తీస్తాను. ఎలా చేసినా పాస్తాను చన్నీళ్లతో మాత్రం కడగకండి.

సాస్

పాస్తా నీళ్లలో పడిన వెంటనే పక్క పొయ్యి మీద వెడల్పాటి పాన్ పెట్టండి. రెండు పనులూ ఒకే సమయానికి ముగియాలి. పాస్తా సాస్ కోసం ఎదురుచూడటం కంటే సాస్ పాస్తా కోసం ఎదురుచూడటం మంచిది.

సన్నని సెగ మీద వెన్న కరిగించి, సన్నగా తరిగిన వెల్లుల్లి వేయండి. నిమిషం చాలు. పచ్చివాసన పోయి కమ్మని వాసన రావాలి, రంగు మాత్రం మారకూడదు. ఎర్రబడిన వెల్లుల్లి చేదెక్కుతుంది, ఈ తెల్లని సాస్‌లో ఆ చేదును కప్పిపుచ్చే పులుపు గానీ, కారం గానీ లేవు. వెల్లుల్లి మరీ ఘాటుగా వద్దనుకునేవారు రెబ్బలను తరగకుండా చిదిమి వేసి, క్రీము పోసే ముందు తీసేయవచ్చు.

ఇప్పుడు క్రీము పోసి, సెగ కొద్దిగా పెంచండి. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు రావాలి, మధ్యలో కుతకుత ఉడకకూడదు. నాలుగైదు నిమిషాలు అలా ఉంచి, మధ్యమధ్య కలుపుతూ ఉండండి. క్రీములోని నీరు కొంత ఆవిరై చిక్కబడుతుంది. చెంచాను సాస్‌లో ముంచి తీసి, దాని వీపు మీద వేలితో గీత గీయండి. గీత పూడకుండా నిలిచిందంటే చిక్కదనం సరిపోయింది. మిరియాల పొడి ఇప్పుడు వేయండి. ఉప్పు మాత్రం ఇప్పుడే వద్దు.

ఇక అసలు ఘట్టం. పొయ్యి ఆపేయండి. సెగ తగ్గించడం కాదు, పూర్తిగా ఆపి పాన్‌ను పక్కకు జరపండి. బుడగలన్నీ అణిగి, సాస్ ఉపరితలం నున్నగా కనిపించే వరకు ఆగండి. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. వంటకు వాడే థర్మామీటరు ఉంటే 70 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగిందో లేదో చూడండి.

ఈ ఆగడం ఎందుకో చెప్పాలి. చీజ్ అంటే ప్రొటీన్ల వల, ఆ వలలో చిక్కుకున్న కొవ్వు, కాస్త నీరు. మితమైన వేడికి కొవ్వు కరిగి, వల వదులై, అంతా క్రీములో సమంగా కలుస్తుంది. ఉడుకుతున్న సాస్‌లో వేస్తే ఆ ప్రొటీన్లు ఒక్కసారిగా బిగుసుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. లోపలి కొవ్వును, నీటిని బయటికి పిండేస్తాయి. బిగుసుకున్నవే మనకు ఉండలుగా, సాగే ముద్దగా కనిపిస్తాయి. బయటపడిన కొవ్వు పైన నూనెగా తేలుతుంది. రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

తురుమును మూడు దఫాలుగా చల్లండి. ఒక దఫా పూర్తిగా కరిగి కనబడకుండా పోయాకే రెండోది. మొత్తం కుమ్మరిస్తే సాస్ వేడి ఒక్కసారిగా పడిపోయి తురుము గుట్టగా మిగిలిపోతుంది. చివరి దఫా కరిగేసరికి సాస్ నిగనిగలాడుతూ, గరిటె ఎత్తితే తెగకుండా పట్టీలా జారాలి.

కలపడం

పాస్తాను పట్టకారుతో పాన్‌లోకి తీసి, నాలుగు టేబుల్ స్పూన్ల గంజి నీళ్లు పోయండి. పట్టకారుతో కింది నుంచి పైకి ఎత్తి తిప్పుతూ ఒక నిమిషం పాటు గట్టిగా కలపండి. ఇక్కడ బద్ధకం పనికిరాదు. ఈ కదలికతోనే గంజిలోని పిండి పదార్థం కొవ్వుతో, నీటితో కలిసి సాస్‌ను ఏకం చేస్తుంది. మొదటి పావు నిమిషం నీళ్లు విడిగా కనిపించి కంగారు పెడతాయి. కలుపుతూ పోతే కనుమరుగవుతాయి. పాన్ మరీ చల్లారిందనిపిస్తే అతి సన్నని సెగ మీద పెట్టవచ్చు, బుడగ రానివ్వకూడదు.

ఇప్పుడు రుచి చూసి ఉప్పు సరిచేయండి. చాలాసార్లు అక్కర్లేదు.

పాన్‌లో ఉన్నప్పుడు సాస్ మీకు నచ్చే చిక్కదనం కంటే కొంచెం పలచగా ఉండాలి. పళ్లెంలోకి వచ్చి చల్లారుతుంటే అది చిక్కబడుతూనే పోతుంది, పాస్తా కూడా తడిని పీల్చుకుంటుంది. పాన్‌లోనే సరిగ్గా ఉందంటే బల్ల మీదికి చేరేసరికి బిగుసుకుంటుంది. పళ్లేలను ముందుగా వేడినీళ్లతో తడిపి తుడిచి పెట్టుకుంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. చల్లని పింగాణీ ఈ సాస్‌కు శత్రువు.

తేడా వస్తే సరిదిద్దడం

సాస్ బిగుసుకుంటే గంజి నీళ్లు చెంచా చెంచాగా పోసి కలపండి. క్రీము పోయకండి, అది ఇంకా బరువెక్కిస్తుంది. పలచగా ఉంటే ఏమీ చేయకుండా నిమిషం ఆగి చూడండి. చాలాసార్లు దానంతటదే చిక్కబడుతుంది.

నూనె విడిపోయి తేలితే వెంటనే పొయ్యి మీంచి దించి, రెండు చెంచాల వేడి గంజి నీళ్లు పోసి విస్కుతో గిలక్కొట్టండి. కొవ్వు విడిపోవడం మొదటి దశలో ఉంటే మళ్లీ కలుస్తుంది. పాస్తా ఇంకా కలపకముందే సాస్ గరుకుగా మారితే మిక్సీ ఆదుకుంటుంది. కాసిని గంజి నీళ్లతో కలిపి, మూత మధ్యలో ఆవిరి పోయే సందు ఉంచి, పావు నిమిషం తిప్పితే చాలావరకు నునుపవుతుంది. గట్టిగా ఉండ కట్టి సాగుతున్న చీజ్ మాత్రం మళ్లీ కరగదు. జల్లెడ పట్టి దాన్ని తీసేసి, మిగిలిన క్రీములో కొత్త తురుము వేసుకోవడమే దారి.

ఈ భయాలన్నిటికీ మందుగా కొందరు మైదా కలిపి చిక్కబరుస్తారు. సాస్ విరగకపోవడం నిజమే. కానీ పిండి చీజ్ రుచిని మందగింపజేస్తుంది, నాలుక మీద పూతలా నిలుస్తుంది. క్రీమ్ చీజ్ వేసేవారూ ఉన్నారు, దానితో సన్నని పులుపు వస్తుంది. నాకు రెండూ నచ్చవు.

చికెన్ జోడించాలంటే

రెస్టారెంట్‌లో చాలామంది దీన్ని గ్రిల్ చేసిన చికెన్‌తో అడుగుతారు. ఎముక లేని రొమ్ము ముక్కను మందం సమంగా ఉండేలా తట్టి, అరగంట ముందు ఉప్పు, మిరియాలు పట్టించండి. బాగా వేడెక్కిన పాన్ మీద రెండు వైపులా రంగు వచ్చేదాకా కాల్చి, మధ్యలో 74 డిగ్రీలు చేరాక దించండి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, కండ పోగులకు అడ్డంగా కోయండి. సాస్ మొదలుపెట్టక ముందే ఈ పని ముగించాలి. ముక్కలను సాస్‌లో కలపకుండా పైన పేర్చితే కాల్చిన రుచి నిలుస్తుంది. చికెన్ బదులు ఆవిరి మీద ఉడికించిన బ్రకోలీ, వేయించిన పుట్టగొడుగులు కూడా బాగుంటాయి. పుట్టగొడుగుల్లో నీరంతా ఇగిరిపోయాకే వేయండి, లేకపోతే సాస్ బూడిద రంగుకు తిరుగుతుంది.

మిగిలితే

రెండు గంటల లోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో తినేయండి. ఫ్రీజర్‌లో పెడితే కరిగించినప్పుడు సాస్ విరుగుతుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు పాన్‌లో మూడు చెంచాల పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక పాస్తా వేసి, అతి సన్నని సెగ మీద మెల్లగా విడదీస్తూ కలపండి. మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్ మీద అర నిమిషం చొప్పున పెట్టి, ప్రతిసారీ తీసి కలపాలి. ఒకేసారి పూర్తి పవర్ మీద పెడితే అంచుల్లో సాస్ ఉడికిపోయి నూనె తేలుతుంది, మధ్యలో మాత్రం చల్లగానే ఉంటుంది.